చెక్ ఇంజిన్ లైటు, రెండు సెన్సర్లు, మధ్యలో బావగారు

నిజాంపేట నుంచి ఒకాయన రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 36, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తారు. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదించి చెప్తున్నా.

ఉగాదికి ముందు వాళ్ళావిడ అన్నయ్య దగ్గర్నుంచి సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఇక్కడే హైదరాబాద్ రిజిస్ట్రేషన్, 2 లక్షల 85 వేలు, అప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. బయటికి అమ్మితే మూడు లక్షల పైనే వచ్చేది, చెల్లెలి ఇంటికే కదా అని తగ్గించానన్నారట బావగారు. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు, మూడు వేల ఆరొందల కిలోమీటర్లు నడిపారు. బోనాల వారంలో వానలు పడి మూడ్రోజులు కారు సెల్లార్‌లోంచి తియ్యలేదు, తర్వాత స్కూలుకి వేస్కెళ్ళిన మర్నాడు పొద్దున డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. వీధి చివర మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, "సెన్సర్ ప్రాబ్లం సార్" అని చెప్పి, 300 తీస్కుని బండి కంప్యూటర్‌లో పడిన తప్పు కోడ్ చెరిపేశాడు. ఐదో రోజు మళ్ళీ వెలిగింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే పీ0135, పీ0141 అని రెండు కోడ్లు చీటీ మీద రాసిచ్చి, రెండు ఆక్సిజన్ సెన్సర్లూ మార్చాలి, లేబర్‌తో కలిపి 27,600, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా) సంగతి తర్వాత చూద్దాం అన్నారట. మైలేజీ 16 నుంచి 12కి పడిపోయింది. వచ్చే నెల పొల్యూషన్ సర్టిఫికెట్ ఐపోతుంది. అమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయ్యింది, వారానికి రెండుసార్లు కూకట్‌పల్లిలో ఫిజియోథెరపీకి తీస్కెళ్ళాలి, మధ్య దారిలో బండి ఆగిపోతే ఆవిడ్ని ఎలా దించాలా అని భయం.

వీటన్నిటికంటే పెద్ద కష్టం ఇంకోటి. ఆ ఎస్టిమేట్ చేతిలో పట్టుకుని ఇంటికొచ్చిన రోజు "మీ అన్నయ్యకి ముందే తెలుసేమో, లైటు ఆర్పేసి మనకి అంటగట్టాడు" అనేశారు. ఆవిడ ఏం మాట్లాడలేదు. తొమ్మిది రోజులైంది, "అన్నం పెట్టాను" తప్ప ఇంకో మాట లేదట.

ఆయన అడిగినవి నాలుగు. ఇంట్లోనే తప్పు ఎక్కడుందో చూస్కోవచ్చా, సెన్సర్ తీసి పెట్రోల్‌లో కడిగితే పని చేస్తుందా, ఇదంతా ఈ20 (ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లా, బావగారిని సగం డబ్బులు అడగొచ్చా.

మాస్టారూ, ముందు అమ్మగారి విషయం. లైటు వెలిగి కదలకుండా ఉంది అని రాశారు, అదీ ఈ రెండు కోడ్లతో, ఐతే బండి నడిరోడ్డు మీద ఆగిపోయే రకం తప్పు కాదిది. ఫిజియోథెరపీకి తీస్కెళ్ళండి, పర్లేదు. ఆ లైటు టపటపా కొట్టుకోవడం మొదలెడితే మాత్రం వేరే సంగతి, ఇంజిన్‌లో మంట సరిగ్గా అంటుకోక కాలని పెట్రోల్ సైలెన్సర్ దాకా వెళ్తోందని అర్థం, అప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది కాబట్టి పక్కకి ఆపేసి ఆటోలో వెళ్ళండి. ఎర్ర రంగులో ఆయిల్ బొమ్మ గానీ టెంపరేచర్ బొమ్మ గానీ వచ్చినా అంతే. మీకు అవేం లేవు.

ఇప్పుడు మీ ఉత్తరం రెండో పేజీలో ఒక మాట రాసి దాటేశారు, నేను అక్కడే ఆగిపోయా. "సెల్లార్‌లో ఎలకలెక్కువ, పక్క ఫ్లాట్ వాళ్ళ బండిలో హారన్ వైరు కొరికేశాయి" అని. దాన్ని ఆ రెండు కోడ్ల పక్కన పెట్టి చూడండి.

పీ0135 అంటే ముందు ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్. పీ0141 అంటే వెనక సెన్సర్ హీటర్ సర్క్యూట్. రెండిట్లోనూ ఉన్న మాట హీటర్. ఆక్సిజన్ సెన్సర్ అనేది పొగ గొట్టంలో దూర్చిన స్పార్క్ ప్లగ్‌లా ఉంటుంది, లోపల జిర్కోనియా పింగాణీ ముక్క ఉంటుంది, అది సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పలేదు. పొగ వేడితో అది కాగేదాకా ఆగలేక లోపల చిన్న హీటర్ పెట్టారు, బండి స్టార్ట్ చేసిన నిమిషంలోపే వేడి చేసేస్తుంది. ఆ హీటర్‌కి కరెంటు అందట్లేదు, లేదా హీటరే తెగిపోయింది, అంతవరకే కోడ్ చెప్తోంది. సెన్సర్ పోయిందని కోడ్ ఎక్కడా చెప్పలేదు, "సర్క్యూట్" అని చెప్పింది, సర్క్యూట్ అంటే ఫ్యూజు, రిలే, వైరు, కనెక్టరు, ఆఖర్న సెన్సర్. మీరు లెక్కల సారు కదా, వేరే వేరే చోట్ల ఉన్న రెండు హీటర్లు ఒకే వారంలో వాటంతట అవే తెగిపోయే అవకాశం ఎంత? చాలా కార్లలో ఈ రెండిటికీ కరెంటు ఒకే ఫ్యూజు నుంచి వస్తుంది. అందుకే నా అనుమానం సెన్సర్ల మీద కాదు, ఆ ఫ్యూజు మీదా, దాన్నుంచి వచ్చే వైరు మీదా.

మైలేజీ పడిపోవడం కూడా దీనికి సరిపోతుంది. స్కూలు నాలుగు కిలోమీటర్లు, అదీ నిజాంపేట రోడ్డు ట్రాఫిక్‌లో. హీటర్ లేకపోతే సెన్సర్ పొగ వేడితోనే కాగాలి, అది కాగేలోపు మీరు స్కూలు గేటు దగ్గర ఉంటారు. అంతసేపూ ఇంజిన్ కంప్యూటర్ కళ్ళు మూసుకుని అంచనా మీద పెట్రోల్ పోస్తుంటుంది, కాస్త ఎక్కువే పోస్తుంది. ఇథనాల్ కలపని పెట్రోల్ ఐతే తూకంలో పెట్రోల్ ఒక పాలు, గాలి 14.7 పాళ్ళు, ఆ లెక్క నిలబెట్టేది ఈ సెన్సరే.

ఇది నేను పుస్తకం చూసి చెప్తున్నది కాదు. మల్కాజిగిరిలో మా బండికి రెండేళ్ళ కింద ఇలాగే పీ0135 వచ్చింది. కోడ్ చూసి నేనే తొందరపడి 5,200 పెట్టి ముందు సెన్సర్ కొని వేయించా. వారం తిరక్కుండా మళ్ళీ లైటు. అప్పుడు కార్ల వైరింగ్ చూసే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ పెద్దాయన వచ్చి, ఏ మిషనూ పెట్టకుండా టార్చి వేసి ఇంజిన్ వెనక గోడ వైపు చెయ్యి పోనిచ్చి, నల్ల రంగు ముడతల గొట్టం ఉంటుంది చూడండి వైర్లు దూర్చేది, దాన్ని బయటికి లాగారు. గొట్టం అడుగు వైపు జానెడు మేర తినేసి ఉంది. లోపల రెండు తీగల మీద ప్లాస్టిక్ లేదు, ఒకదాని రాగి వెంట్రుకల్లా విడిపోయి పక్క రాగి మీద వాలి, ఆ అంటుకున్న చోట పచ్చగా చిలుము పట్టింది. కింద ట్రేలో సగం కొరికిన పల్లికాయ తొక్కలు, ఒక బంతిపూల దండ దారం. ఎలక అక్కడ కాపురం పెట్టింది. ఆయన 450 తీస్కున్నారు. మీకు ఆ 5,200 లాంటి ఖర్చు, మీకైతే 27,600, రాకూడదనే ఇంత రాస్తున్నా.

సరే, ఇంట్లో ఏం చూడొచ్చు. ఒక మాట ముందే, దయచేసి ఈ పని సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి చెయ్యకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మూసి ఉన్న సెల్లార్‌లో పావుగంట ఇంజిన్ తిరిగితే తల తిరుగుతోందని తెలిసేలోపు ఒంట్లో ఓపిక పోతుంది. బండి బయట ఆరుబయట పెట్టండి. పొగ గొట్టం చల్లారాకే చెయ్యి పెట్టండి, జాకీ ఒక్కటే పెట్టి బండి కిందకి దూరకండి, ఏ పరిస్థితిలోనూ.

కావాల్సినవి మూడు. ఓబీడీ అడాప్టర్, అంటే బండి కంప్యూటర్‌లోని కోడ్లు ఫోన్‌కి పంపేది, బ్లూటూత్‌ది, ఈఎల్ఎమ్ 327 అని అడిగితే ఇస్తారు, ఆరేడు వందల నుంచి 1,500 దాకా ఉంటాయి, మరీ చవకవి కొన్ని బండితో మాట్లాడవు కాబట్టి వాపస్ తీస్కునే చోట కొనండి. ఒక మామూలు మల్టీమీటర్, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, మీ స్కూల్ ఫిజిక్స్ ల్యాబ్‌లో కూడా ఉండే ఉంటుంది. ఒక టార్చి. అడాప్టర్ పెట్టే సాకెట్ స్టీరింగ్ కింద మోకాలి దగ్గర ఉంటుంది, 16 పిన్నులది. మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి కార్లకి ఓబీడీ 2 తప్పనిసరి, మీది 2016 బండి కాబట్టి ఖచ్చితంగా ఉంటుంది.

మొదట అడాప్టర్‌ని ఫోన్ యాప్‌కి కలిపి కోడ్లు చదివి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీస్కోండి. చెరపకండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటుంటుంది, తప్పు దొరికిన క్షణంలో స్పీడెంత, ఇంజిన్ వేడెంత అన్నది దాస్తుంది, చెరిపితే అదీ పోతుంది. మీ వీధి చివర మెకానిక్ 300 తీస్కుని చేసింది ఆ సాక్ష్యం తుడిచెయ్యడమే, రిపేరు కాదు.

తర్వాత ఫ్యూజు. బోనెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన నల్ల డబ్బా ఉంటుంది, మూత లోపలి వైపు ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ ఉంటుంది, ఓనర్ మాన్యువల్‌లో కూడా ఉంటుంది. ఓ2 హీటర్ అనో, ఇంజిన్ అనో, ఈసీఎమ్ అనో రాసి ఉంటుంది. ఇంజిన్ ఆపి తాళంచెవి బయటికి తీసేసి, ఆ ఫ్యూజు లాగి వెలుతురులో పట్టుకుని చూడండి, మధ్యలో తీగ తెగి ఉందా. తెగి ఉంటే అదే ఆంపియర్‌ది, అదే రంగుది కొత్తది పెట్టండి, పది రూపాయలు. పెద్ద ఆంపియర్‌ది పెట్టడం, సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టడం వద్దు, బండి తగలబడేది అలాగే.

కొత్త ఫ్యూజు నిలబడితే సగం గెలిచినట్టే, కానీ అది మొదట ఎందుకు పోయిందో తెలీలేదు కదా, కాబట్టి వైర్లు చూడకుండా వదిలెయ్యకండి. కొత్తది కూడా పోతే, అది బ్యాడ్ న్యూస్ కాదు, దారి దొరికినట్టు. రెండు సెన్సర్ల కనెక్టర్లూ పీకేసి మళ్ళీ ఫ్యూజు పెట్టి స్టార్ట్ చెయ్యండి. ఇప్పుడు కూడా ఎగిరిపోతే తప్పు వైరింగ్‌లో. నిలబడితే ఇంజిన్ ఆపి ఒక కనెక్టర్ పెట్టి స్టార్ట్ చెయ్యండి, తర్వాత రెండోది, ఏది పెట్టాక ఫ్యూజు పోయిందో ఆ సెన్సర్ లోపలో దాని సొంత వైరులోనో షార్ట్ ఉంది. వెనక సెన్సర్ వైరు ఒక్కోసారి క్లిప్పు ఊడి వేడి గొట్టం మీద వాలి కరిగిపోతుంది, అదీ చూడండి. వెనక సెన్సర్ కనెక్టర్ కొన్ని బండ్లలో కింద ఉంటుంది, చెయ్యి అందకపోతే వదిలెయ్యండి, ర్యాంపు మీద ఎలక్ట్రీషియన్ చేస్తాడు.

ఫ్యూజు బాగానే ఉంటే మల్టీమీటర్ తియ్యండి. సెన్సర్‌కి మామూలుగా నాలుగు వైర్లుంటాయి, అందులో ఒకే రంగువి రెండుంటాయి, తెల్లవి గానీ నల్లవి గానీ, అవి హీటర్‌వి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ వైపు ఆ రెండు పిన్నుల మధ్య ఓమ్స్, అంటే రెసిస్టెన్స్, చూడండి. చాలా సెన్సర్లకి 3 నుంచి 15 మధ్య ఏదో ఒక అంకె వస్తుంది. అంకె రాకుండా ఓపెన్ అని చూపిస్తే హీటర్ తెగిపోయింది, ఆ సెన్సర్ మార్చాల్సిందే. తర్వాత బండి వైపు కనెక్టర్‌లో, ఇంజిన్ స్టార్ట్ చేశాక ఒక పిన్నులో 12 వోల్టుల పైన రావాలి. అక్కడ కరెంటే లేకపోతే మీరు 27 వేలు కాదు లక్ష పెట్టి సెన్సర్లు మార్చినా లైటు ఆరదు.

పెట్రోల్‌లో కడగడం గురించి. తెగిన హీటర్ కడిగితే అతుక్కోదు. పెట్రోల్, థిన్నర్, కార్బ్ క్లీనర్ ఏదైనా సరే, మొన మీద ఉన్న సన్నటి పొర పాడవ్వడం తప్ప లాభం లేదు. పైగా అది విప్పడం అంత తేలిక కాదు, తొమ్మిదేళ్ళుగా వేడికి బిగుసుకుపోయి ఉంటుంది, 22 ఎమ్ఎమ్ చీలిక సాకెట్ కావాలి, బలవంతం చేస్తే మరలు పోయి ఎగ్జాస్ట్ ముక్కే మార్చాల్సి వస్తుంది. ఈ ఒక్క పని మాత్రం ఇంట్లో వద్దనే నా సలహా.

ఎలక కొరికిన వైరు దొరికిందనుకోండి. మెలి పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే ఈ వానాకాలం దాటదు. బండి వైపు వైరైతే సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, మళ్ళీ ముడతల గొట్టంలో దూర్పించండి. సెన్సర్‌కి పుట్టుకతో ఉన్న వైరైతే మాత్రం సోల్డర్ వద్దు, ఇది చాలా మంది ఎలక్ట్రీషియన్లకి కూడా తెలీదు. సెన్సర్ పొగలో ఆక్సిజన్‌ని బయటి గాలిలో ఆక్సిజన్‌తో పోల్చి చెప్తుంది, చాలా సెన్సర్లలో ఆ బయటి గాలి వైరు లోపలి తీగల సందుల్లోంచే వెళ్తుంది, సోల్డర్ పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఆ కనెక్టర్‌లో గ్రీజు రాయడం కూడా అందుకే వద్దంటారు. అక్కడ క్రింప్ చేయించండి, అంటే లోహపు తొడుగులో పెట్టి నొక్కి బిగించడం.

ఇంక ఈ20. మీ మైలేజీలో కొంత తగ్గుదలకి దాని వాటా ఉండొచ్చు, ఇథనాల్‌లో పెట్రోల్ కంటే సుమారు మూడోవంతు శక్తి తక్కువ, బంకుల్లో 20 శాతం కలిపిన పెట్రోలే వస్తోంది ఇప్పుడు. కానీ మీరు ఉగాది నుంచి అదే పోయించారు, 16 వచ్చింది. 12కి పడింది లైటు వచ్చాకే. ఇథనాల్ వల్ల హీటర్ వైరు తెగదు. పెట్రోల్ వల్ల వచ్చే కోడ్ ఐతే పీ0171 లాంటిది వచ్చేది, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ అని. అది మీ చీటీలో లేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని చెయ్యకపోతే వచ్చే పీ0420 కూడా లేదు, కాబట్టి "దాని సంగతి తర్వాత" అన్నవాళ్ళని ఏ కోడ్ చూసి అన్నారని అడగొచ్చు. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి అందులో, చాలా ఖరీదైన వస్తువు, కారణం లేకుండా దాని జోలికి పోనివ్వకండి.

మరి ఏం చెయ్యాలి అంటే మీ ముందు మూడు దారులున్నాయి.

సర్వీస్ సెంటర్‌లోనే చేయించడం ఒకటి. వాళ్ళని దొంగలని నేననను, కోడ్‌లో సెన్సర్ పేరుంది కాబట్టి సెన్సర్ రాశారు. ఒరిజినల్ పార్టులు, బిల్లు, వారంటీ ఉంటాయి. కానీ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు "హీటర్ ఫ్యూజు చూశారా, కనెక్టర్‌లో 12 వోల్టులు వస్తున్నాయా, రెండు హీటర్ల ఓమ్స్ ఎంత" అని అడిగి, ఆ అంకెలు జాబ్ కార్డు మీద రాయమనండి. చెకింగ్‌కి విడిగా డబ్బులిస్తానని చెప్పండి. ఓమ్స్ చూశాక నిజంగా రెండూ తెగి ఉంటే మార్పించుకోండి, బాధపడక్కర్లేదు, తొమ్మిదేళ్ళ సెన్సర్లు వాటి జీవితం అవి బతికాయి.

రెండోది, పైన చెప్పిన ఫ్యూజు, వైర్లు, ఓమ్స్ మీరు ఒక ఆదివారం చూస్కుని, ఆ అంకెలతో ఒక మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళడం. మెకానిక్ వేరు, ఎలక్ట్రీషియన్ వేరు, మీకు కావాల్సింది రెండో ఆయన. ఖర్చు తక్కువ, కానీ టైం పడుతుంది, తెగీ తెగకుండా ఉన్న వైరైతే ఒకసారికి దొరక్కపోవచ్చు. ఒక సెన్సర్ మార్చాల్సొస్తే పాతదాని మీద చెక్కిన పార్ట్ నంబర్ ఫోటో తీస్కుని రాణీగంజ్ వెళ్ళండి, బిల్లిచ్చే షాపులో ఆ నంబర్‌దే అడగండి. వైర్లు కోసి అతికే యూనివర్సల్ రకం వద్దు.

మూడోది, ఇప్పుడేం చెయ్యకుండా కొన్నాళ్ళు నడపడం. చేతిలో డబ్బులేనప్పుడు అదీ ఒక దారే, ఒకట్రెండు నెలలకి ఇంజిన్‌కి ఏం కాదు. ఐతే నెలకి పెట్రోల్ ఎక్కువవుతుంది, ఆరేడు నెలలు అలాగే పెట్రోల్ ఎక్కువైన పొగ వెళ్తే కన్వర్టర్ దెబ్బ తినొచ్చు. ఇంకోటి, లైటు ఎప్పుడూ వెలిగే ఉంటే రేపు నిజంగా పెద్ద తప్పు వచ్చినా మీకు తెలీదు. పొల్యూషన్ టెస్టులో మీ బీఎస్ 4 పొల్యూషన్ ప్రమాణం బండికి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎమ్ దాటకూడదు, ఇంజిన్ రేజ్ చేసి చూసే లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళ లెక్క, సరిగ్గా ఉంటే 1) 0.97, 1.03 మధ్య ఉండాలి. సెన్సర్ చల్లగా ఉంటే ఇవి తప్పొచ్చు. అంత అవసరమైతే ముందు అరగంట బాగా నడిపి, ఇంజిన్ ఆపకుండా వేడి మీదే టెస్టుకి పెట్టండి.

ఏ దారిలో వెళ్ళినా రిపేరయ్యాక కోడ్ చెరిపి, ఒక పొద్దున ఓఆర్ఆర్ ఎక్కి పాతిక నిమిషాలు ఒకే స్పీడులో 80 మీద నడపండి. తర్వాత ఇంజిన్ ఆన్‌లోనే యాప్‌లో ముందు సెన్సర్ వోల్టేజీ గ్రాఫ్ పెట్టి 2,500 ఆర్పీఎమ్ దగ్గర పట్టుకుంటే గీత 0.1 నుంచి 0.9 దాకా గబగబా కిందకీ పైకీ కొట్టుకోవాలి, వెనక సెన్సర్ గీత కాస్త పైన నిదానంగా ఉండాలి. ముందుదీ వెనకదీ ఒకేలా కొట్టుకుంటుంటేనే కన్వర్టర్ గురించి ఆలోచించాలి.

ఇంక బావగారు. ఇది ఆఖర్న ఎందుకు పెట్టానంటే పైదంతా చదివితే గానీ ఇది అర్థం కాదు.

మీ ఉత్తరంలోనే జవాబుంది. మెకానిక్ చెరిపాక లైటు ఎన్నాళ్ళకి వచ్చింది? ఐదు రోజులకి. హీటర్ సర్క్యూట్‌ని కంప్యూటర్ దాదాపు స్టార్ట్ చేసిన ప్రతిసారీ చూస్తుంది, వరసగా రెండు మూడు ట్రిప్పుల్లో తప్పు కనిపిస్తే లైటు వేసేస్తుంది. బావగారు ఈ తప్పే దాచిపెట్టి చెరిపి అమ్మి ఉంటే ఉగాది వారంలోనే మీకు లైటు కనపడాలి. నాలుగు నెలలు, 3,600 కిలోమీటర్లు నిశ్శబ్దంగా ఉండి, వానలకి మూడ్రోజులు సెల్లార్‌లో నిలబెట్టాక వచ్చింది. ఇది మీ ఇంటికొచ్చాక పుట్టిన తప్పు. యాప్‌లో "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం" అని ఒక అంకె కనపడుతుంది, దాన్ని చూసి బావగారి మీద సాక్ష్యం అనుకునేరు, అది మీ మెకానిక్ చెరిపిన రోజు నుంచి మొదలైన లెక్క.

కాబట్టి సగం డబ్బులు అడగడానికి ఆధారం లేదు. అడిగితే ఆయన ఇచ్చేస్తారేమో కూడా, చెల్లెలి మొహం చూసి, కానీ ఆ డబ్బు ప్రతి పండక్కీ మీ ఇద్దరి మధ్య కూర్చుంటుంది. అడక్కుండా, ఎవరికీ ఏం చెప్పకుండా రిపేరు చేయించి ఊరుకోవచ్చు, గొడవ పెరగదు, కానీ మీ ఆవిడ మనసులో మీరన్న మాట అలాగే ఉంటుంది. ఇంకో దారి, బావగారికి ఫోన్ చేసి పాత సర్వీస్ బిల్లులు అడగడం, ఎప్పుడైనా వైరింగ్ పని చేయించారా, ఎలకల బాధ ఉండేదా అని. అది నింద కాదు, బండి గురించి ఇద్దరు మాట్లాడుకునే మాట, మీకు పనికొచ్చే సంగతీ తెలుస్తుంది. కాకపోతే మీ ఆవిడతో మాట్లాడకుండా ముందు ఆయనకి ఫోన్ చేస్తే, నా వెనకాల మా అన్నయ్యని ఆరా తీస్తున్నారని ఆవిడకి అనిపించొచ్చు. వరస మీరు చూస్కోండి, ఆవిడ మనసు మీకు తెలిసినంత నాకు తెలీదు.

నేనైతే ఆవిడకి కోడ్లూ సర్క్యూట్లూ వివరించను. ఐదు రోజులు, నాలుగు నెలలు, ఈ రెండు అంకెలు చెప్పి "నేను తప్పుగా అన్నాను, మీ అన్నయ్యకి దీంతో సంబంధం లేదు" అంటాను. మీరు ఫ్యూజు చూసి, ఎలక కొరికిన వైరు దొరికాక రుజువుతో చెప్దాం అనుకుంటారేమో. అలా ఐతే వైరు దొరక్కపోతే క్షమాపణ ఆగిపోతుందా? దానికీ దీనికీ ముడి పెట్టకండి. ఆ రెండు అంకెలు ఇవాళ కూడా నిజమే.

ఆదివారం బోనెట్ ఎత్తేటప్పుడు టార్చి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, ఒక్కరే చూడ్డం కష్టం. ఆవిడ్ని అడగండి. బోనెట్ కింద తొక్కలూ పెంటికలూ ఉంటే చేతులకి కవర్లు వేస్కుని శుభ్రం చేసి, సెల్లార్‌లో చెత్త డబ్బాకి దూరంగా ఉన్న చోటు మీ అపార్ట్‌మెంట్ వాళ్ళని అడిగి మార్చుకోండి, లేకపోతే కొత్త వైరు కూడా దక్కదు. ఫ్యూజులో ఏం కనిపించిందో, రెండు కనెక్టర్ల దగ్గర ఎన్ని వోల్టులు, ఎన్ని ఓమ్స్ వచ్చాయో రాసి పంపండి, ఆ అంకెలు చూసి తర్వాతది చెప్తా.